ముద్ర కాటాకే... లోపలి లెక్కకు భరోసా ఏది?

* తూకం, తేమ, వెన్న శాతం... అన్నీ తేల్చేది సాఫ్ట్‌వేరే
* పరీక్ష రోజు ఒకలా, మిగతా రోజుల్లో మరోలా నడిపించే వీలు
* ఫోక్స్‌వ్యాగన్ ఉదంతం నుంచి పల్లె కాటా వరకు ఒకటే పాఠం

వరంగల్: ధాన్యం కొనుగోలు కేంద్రంలో బస్తా కాటా ఎక్కుతుంది. ఎర్రటి అంకెలు క్షణకాలం ఊగిసలాడి ఒకచోట నిలుస్తాయి. నిలిచిన అంకెను పుస్తకంలో రాసుకుంటారు. ఆరుగాలం పడిన కష్టానికి వెల కట్టేది ఆ అంకే. పత్తి మార్కెట్లో తేమ యంత్రం, పాలకేంద్రంలో వెన్న శాతం చూపే యంత్రం, పెట్రోలు బంకులో మీటరు... ఎక్కడ చూసినా ఇదే తీరు. రాతి గుండ్లు, తక్కెడలు పోయి ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. తూకంలో మోసాలకు కాలం చెల్లిందని అందరూ భావించారు.

అయితే తక్కెడ ముల్లు అందరి కళ్లెదుట కదిలేది. గుండు తేలికగా ఉంటే చేతికే తెలిసేది. ఎలక్ట్రానిక్ యంత్రం చూపే అంకె ఎలా పుట్టిందో మాత్రం రైతుకు గానీ, కేంద్రం నిర్వాహకులకు గానీ తెలియదు. దానిని తయారుచేసేది పెట్టె లోపలి చిన్న చిప్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్. కాటాకు ఏటా ముద్ర వేస్తున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకున్నారు, తర్వాత ఎవరైనా దానిని మార్చారా అన్న ప్రశ్నలకు మాత్రం కొనుగోలు కేంద్రంలో జవాబు దొరకదు. తరుగు పేరుతో బస్తాకు ఇంతని కోత పెడితే రైతులు రోడ్డెక్కుతున్నారు. అది కనిపించే తరుగు. యంత్రం లోపల జరిగే తరుగు కనిపించదు.

అంకె పుట్టేది ఇలా...

ఎలక్ట్రానిక్ కాటా పళ్లెం కింద లోడ్‌సెల్ అనే లోహపు దిమ్మె ఉంటుంది. బరువు పడినప్పుడు అది కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని తీగల విద్యుత్ నిరోధం ఆ మేరకు మారుతుంది. పూర్తి బరువు ఎక్కినా వెలువడే సంకేతం సాధారణంగా ఒక వోల్టులో వందో వంతుకు అటూఇటూగా ఉంటుంది. 20 గ్రాముల మెట్లతో 100 కిలోల వరకు తూచే కాటా ఆ కొద్దిపాటి సంకేతాన్నే 5 వేల భాగాలుగా విడగొట్టి చూడాలి.

ఇక్కడి నుంచి పని సాఫ్ట్‌వేర్‌ది. సంకేతాన్ని సంఖ్యగా మార్చుకుంటుంది. ఖాళీ పళ్లెం వద్ద వచ్చే సంఖ్యను సున్నాగా గుర్తుంచుకుంటుంది. ప్రామాణిక బరువు పెట్టినప్పుడు వచ్చిన సంఖ్యను బట్టి ఒక గుణకాన్ని దాచుకుంటుంది. దీనినే కాలిబ్రేషన్ అంటారు. ఆపై ప్రతి తూకాన్నీ ఆ గుణకంతో లెక్కగడుతుంది. గాలికి, బస్తా కుదుపులకు అంకె ఊగకుండా అనేక రీడింగుల సగటు తీసి చూపుతుంది. గుణకాన్ని రెండున్నర శాతం తగ్గిస్తే చాలు, 40 కిలోల బస్తా 39 కిలోలుగా కనిపిస్తుంది. లోడ్‌సెల్ పాడవలేదు, తీగ తెగలేదు. మారింది ఒక్క సంఖ్యే.

ధాన్యం తేమ యంత్రంలో సాఫ్ట్‌వేర్ పాత్ర ఇంకా ఎక్కువ. అది నీటిని నేరుగా కొలవదు. గింజలకు విద్యుత్ ఆవేశాన్ని నిలుపుకొనే గుణం ఎంత ఉందో కొలుస్తుంది. నీటికి ఈ గుణం సుమారు 80 పాళ్లు ఉంటే ఎండిన గింజకు కొద్ది పాళ్లే. ఆ తేడా ఆధారంగా తేమను అంచనా కడుతుంది. వరికి ఒక పట్టిక, మొక్కజొన్నకు మరొకటి, వేరుశనగకు ఇంకొకటి చిప్‌లో రాసి ఉంటాయి. గింజ వేడిని బట్టి సవరణ చేయాలి. పంట పేరు తప్పుగా ఎంచుకున్నా, ఎండలో కాగిన గింజకు ఉష్ణోగ్రత సవరణ సరిగా జరగకపోయినా తేమ శాతం మారిపోతుంది. అసలు తేమ తెలియాలంటే గింజలను ఓవెన్‌లో ఆరబెట్టి, ముందు వెనుక బరువుల తేడా చూడాలి. అది ప్రయోగశాలలో జరిగే పని. కల్లం వద్ద యంత్రం చెప్పిందే వేదం.

రూపాయల్లో చూస్తే...

2025-26 సీజన్‌కు కేంద్రం పొడవు పింజ పత్తికి క్వింటాకు రూ.8,110 మద్దతు ధర ప్రకటించింది. భారత పత్తి సంస్థ 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర చెల్లిస్తుంది. ఆపై 12 శాతం వరకు ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పడుతుంది. 12 దాటితే కొనుగోలే ఉండదు. అంటే తేమ యంత్రం ఒక్క శాతం ఎక్కువ చూపితే క్వింటాకు రూ.81.10 నష్టం. 20 క్వింటాళ్లు తెచ్చిన రైతుకు రూ.1,622 పోయినట్లే. అసలు తేమ 11.5 శాతం ఉండి యంత్రం 12.5 చూపితే నష్టం అక్కడితో ఆగదు. సరకును వెనక్కి తీసుకెళ్లడమో, ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చుకోవడమో తప్ప మరో దారి ఉండదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వర్షాలకు ఓరుగల్లు ప్రాంతంలో పత్తి తడిసి ముద్దయినప్పుడు తేమ నిబంధన సడలించాలన్న డిమాండు గట్టిగా వినిపించింది. శాతం ఎంత ఉండాలన్న దానిపై చర్చ జరిగింది. ఆ శాతాన్ని చూపే యంత్రాన్ని ఎవరు, ఎప్పుడు సరిచూశారన్న చర్చ జరగలేదు.

ధాన్యంలో సాధారణ రకానికి 2025-26 మద్దతు ధర రూ.2,369. తేమ 17 శాతానికి మించరాదు. 200 బస్తాలు తూచిన రైతుకు బస్తాకు కిలో చొప్పున తక్కువ చూపితే 2 క్వింటాళ్లు, అంటే రూ.4,738 పోతుంది. తూకపు యంత్రాలపై అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ సంస్థ రూపొందించిన ఆర్-76 ప్రమాణం ప్రకారం 20 గ్రాముల మెట్లున్న మూడో తరగతి కాటా 40 కిలోల వద్ద ముద్ర వేసే నాటికి 20 గ్రాములు, వాడకంలో అయితే 40 గ్రాములు మించి తేడా చూపకూడదు. కిలో తేడా అంటే వాడకంలో అనుమతించే దానికి 25 రెట్లు.

పాల సంగతీ అంతే. కిలో వెన్నకు రూ.800 లెక్కన ధర కట్టే కేంద్రం ఉందనుకుందాం. రోజుకు 10 లీటర్ల గేదె పాలు పోసే ఇల్లాలికి వెన్న శాతం పదో వంతు పాయింటు తక్కువ చూపితే రోజుకు సుమారు 8 రూపాయలు, నెలకు దాదాపు రూ.250 తగ్గుతుంది. 7.2 శాతం 7.1గా కనిపిస్తే ఎవరికి అనుమానం వస్తుంది?

పరీక్షను పసిగట్టిన సాఫ్ట్‌వేర్

ఏటా తనిఖీ చేస్తున్నప్పుడు భయమెందుకన్న వాదన ఉంది. దీనికి సమాధానం తూనికల రంగంలో కాదు, వాహన రంగంలో దొరుకుతుంది. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్‌కు నోటీసు జారీ చేసింది. ఆ సంస్థ డీజిల్ కార్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక కిటుకు ఉందన్నది అభియోగం. కాలుష్య పరీక్ష జరిగేది టెస్ట్ బెంచ్ మీద. కారును రోలర్లపై నిలబెట్టి, నిర్ణీత వేగాల్లో నిర్ణీత సమయం నడిపి పొగను కొలుస్తారు. చక్రాలు తిరుగుతుంటాయి గానీ స్టీరింగ్ కదలదు. స్టీరింగ్ స్థితి, వేగం, నడిచిన సమయం, గాలి పీడనం వంటి వివరాల ఆధారంగా తాను పరీక్షలో ఉన్నానని కారు సాఫ్ట్‌వేర్ పసిగట్టేది. అప్పుడు పొగను శుద్ధిచేసే వ్యవస్థను పూర్తిగా నడిపేది. రోడ్డెక్కగానే దానిని తగ్గించేది. నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకు వెలువడేవని నోటీసు పేర్కొంది. ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల వాహనాల్లో ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు సంస్థే వెల్లడించింది. 2017లో అమెరికా కోర్టులో నేరాన్ని అంగీకరించింది.

ఏళ్ల తరబడి ప్రయోగశాలల్లో నెగ్గిన ఈ కార్ల బండారం బయటపడింది రోడ్డు మీద. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలత పరికరాలను కారులోనే అమర్చుకుని వందల మైళ్లు ప్రయాణించారు. బెంచ్ మీది లెక్కకు, రోడ్డు మీది లెక్కకు పొంతన లేదని 2014లో వెలువడిన నివేదికలో తేల్చారు.

ఈ సెగ మన దేశానికీ తగిలింది. భారత వాహన పరిశోధన సంఘం రోడ్డుపై పరీక్షించినప్పుడు కాలుష్యం పరిమితికి 1.1 నుంచి 2.6 రెట్ల వరకు నమోదైంది. 2015 డిసెంబరులో ఇక్కడ 3.23 లక్షలకు పైగా వాహనాలను వెనక్కి పిలిపిస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ రూ.500 కోట్ల జరిమానా విధించగా, వసూలుకు బలవంతపు చర్యలు వద్దని సుప్రీంకోర్టు అదే ఏడాది మేలో ఆదేశించింది. ఫలితంగా పరీక్షల పద్ధతే మారింది. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి, మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త కార్లకు రోడ్డు మీది కాలుష్య పరిమితులు అమల్లోకి వచ్చాయి.

ముందే తెలిసిన ప్రశ్నపత్రంతో పరీక్ష పెడితే సాఫ్ట్‌వేర్ నూటికి నూరు తెచ్చుకోగలదు. ఆ తర్వాత ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష.

బంకుల్లో బయటపడ్డ చిప్‌లు

ఈ కిటుకు పెద్ద కంపెనీలకే పరిమితం కాలేదు. 2017 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ ప్రత్యేక కార్యదళం లక్నో పెట్రోలు బంకుల్లో దాడులు చేసినప్పుడు పంపుల లోపల రహస్య చిప్‌లు బయటపడ్డాయి. రిమోట్ నొక్కితే తక్కువ పోస్తాయి, మళ్లీ నొక్కితే సక్రమంగా పోస్తాయి. మీటరు మీద అంకెలు మాత్రం ఎప్పుడూ సరిగానే తిరుగుతాయి. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు ఇలాంటి ముఠానే పట్టుకున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని పలు బంకుల్లో చిప్‌లు అమర్చినట్లు అప్పటి దర్యాప్తులో తేలింది.

బంకులో వినియోగదారుడికి ఒక ఆయుధముంది. అనుమానం వస్తే 5 లీటర్ల ప్రామాణిక కొలపాత్రలో పోసి చూపమని అడగవచ్చు. అడిగేది ముందస్తు సమాచారం లేకుండా, మామూలు అమ్మకం మధ్యలో కాబట్టి దానికి విలువ ఎక్కువ. తేమ యంత్రం దగ్గర, పాల యంత్రం దగ్గర నిలబడ్డ రైతు చేతిలో అలాంటి కొలపాత్ర లేదు.

మోసం లేకున్నా ముప్పే

కాటా తేడా చూపిన ప్రతిసారీ మోసమేనని అనుకోవడం సరికాదు. నేల చదునుగా లేకపోవడం, బ్యాటరీ బలహీనపడటం, పళ్లెం కింద మట్టి చేరడం వంటి కారణాలూ ఉంటాయి. యాసంగి ధాన్యం తూచేది ఏప్రిల్, మే నెలల్లో, ఆరుబయట. ఆర్-76 ప్రమాణం ప్రకారం యంత్రంపై ప్రత్యేకంగా రాయకపోతే అది సున్నా కంటే 10 డిగ్రీలు తక్కువ నుంచి 40 డిగ్రీల వరకు సరిగా పనిచేస్తే చాలు. మే నెలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. టార్పాలిన్ నీడ కూడా లేని కాటా పెట్టె లోపల ఇంకెంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు. శీతల దేశాల అవసరాలకు సరిపోయే హద్దు తెలంగాణ కల్లానికి సరిపోదు. ఈ సంగతి యంత్రం కొనేవారు టెండరులో రాయాలి. సాఫ్ట్‌వేర్ రాసేవారు వేడి హద్దు దాటితే అంకె చూపకుండా హెచ్చరిక చూపేలా ఏర్పాటు చేయాలి.

నిజాయతీగా రాసిన సాఫ్ట్‌వేరూ నిజాన్ని మరుగుపరచగలదని చెప్పే ఉదంతం శాస్త్ర చరిత్రలోనే ఉంది. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు జోసెఫ్ ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అంటార్కిటికాపై ఓజోన్ పొర భారీగా పలచబడుతోందని ప్రకటించారు. వారు వాడింది నేల మీది పాతకాలపు డాబ్సన్ పరికరం. అప్పటికే ఆకాశంలో తిరుగుతున్న అమెరికా ఉపగ్రహం నింబస్-7 కూడా అదే మార్పును కొలిచింది. అయితే 180 యూనిట్ల కంటే తక్కువ రీడింగులు వస్తే అనుమానించాలని దాని సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసిపెట్టారు. అంత తక్కువ ఉండటం అసాధ్యమన్నది నాటి అవగాహన. ఫలితంగా అసలైన మార్పు అనుమానాస్పద రీడింగుల కుప్పలో చిక్కుకుంది. ముడి రీడింగులను భద్రపరచడం వల్లే వాటిని మళ్లీ లెక్కించి ఆ మార్పును నిర్ధారించగలిగారు. యంత్రం చివరి అంకెనే దాచి ముడి సంకేతాన్ని పారేస్తే, తప్పు జరిగిందని తర్వాత తెలిసినా దిద్దుకునే దారి ఉండదు.

తయారీలోనే ఉంది కీలకం

కొలత పరికరాల సాఫ్ట్‌వేర్ తయారీ సాధారణ సాఫ్ట్‌వేర్ పని వంటిది కాదు. బిల్లుల ప్రోగ్రాంలో తప్పుంటే కాగితంపై కూడి చూసి పట్టుకోవచ్చు. ఇక్కడ పోల్చుకోవడానికి బయట మరో లెక్క ఉండదు. అందుకే తయారీదారులు టెస్ట్ బెంచ్‌లు ఏర్పాటు చేసుకుంటారు. ప్రామాణిక బరువులను ఒక్కొక్కటిగా ఎక్కించి దించుతూ, వేడి చలి మారుస్తూ, విద్యుత్తులో హెచ్చుతగ్గులు సృష్టిస్తూ వేల రీడింగులు నమోదు చేస్తారు. బెంచ్‌ను నడిపించేదీ సాఫ్ట్‌వేరే. 1986లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ తెచ్చిన ల్యాబ్‌వ్యూ నుంచి నేటి పైథాన్ వరకు ఇందుకు ఎన్నో సాధనాలు వచ్చాయి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, పరికరం ప్రోగ్రాం రాసినవారే బెంచ్ ప్రోగ్రామూ రాస్తే, ఒకచోట చేసిన పొరపాటు రెండోచోటా చోటుచేసుకుంటుంది. విద్యార్థే ప్రశ్నలు తయారుచేసి, జవాబులు రాసి, తానే దిద్దుకున్నట్లవుతుంది. అందుకే రెండు పనులూ వేర్వేరు బృందాలకు అప్పగించాలి. బెంచ్ కూడా వాస్తవ పరిస్థితిని పోలి ఉండాలి. బస్తాను హమాలీ విసిరినప్పుడు, సగం పళ్లెం మీదే పడినప్పుడు, మధ్యలో కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం ఏం చేస్తుందో చూడాలి.

అంతర్జాతీయ సంస్థ 2008లో వెలువరించిన డి-31 పత్రం సాఫ్ట్‌వేర్‌తో నడిచే కొలత పరికరాలకు కొన్ని సూత్రాలు నిర్దేశించింది. కొలతను తేల్చే భాగాన్ని మిగతా ప్రోగ్రాం నుంచి వేరుగా ఉంచాలి. ఏ సంచిక సాఫ్ట్‌వేర్ నడుస్తోందో తెర మీద చూపగలగాలి. అనధికారంగా మార్చితే ఆ జాడ దొరకాలి. ఈ చివరిదానికి సులువైన మార్గముంది. కాలిబ్రేషన్ గుణకం మారిన ప్రతిసారీ ఒక లెక్కింపు సంఖ్య ఒకటి పెరుగుతుంది. దానిని ఎవరూ వెనక్కి తిప్పలేరు. ముద్ర వేసిన రోజు ఆ సంఖ్య 14 అనుకుందాం. ఆరు నెలల తర్వాత 15 కనిపిస్తే మధ్యలో ఎవరో చేయి పెట్టారని అర్థం. సీసపు ముద్రను తెంచి మళ్లీ అతికించే నేర్పు ఈ సంఖ్య ముందు పనిచేయదు. గుణకాన్ని కాకుండా ప్రోగ్రామునే మార్చేవారి ఆట కట్టించడానికి మరో ఏర్పాటు ఉంది. ప్రోగ్రాం మొత్తం నుంచి లెక్కగట్టి తీసే గుర్తింపు సంఖ్య అది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది.

చట్టం ఉంది... చూపు లోపలికి వెళ్లాలి

దేశంలో లీగల్ మెట్రాలజీ చట్టం-2009 ఉంది. 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం తూనికలు, కొలతల పరికరాల నమూనాకు తయారీకి ముందే ఆమోదం పొందాలి. వాడకంలోకి వచ్చాక తూనికలు, కొలతల శాఖతో సరిచూయించి ముద్ర వేయించుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాలకు ఈ గడువు 12 నెలలు. నమూనాలను పరీక్షించేందుకు బెంగళూరు, అహ్మదాబాద్, భువనేశ్వర్ వంటి చోట్ల ప్రాంతీయ ప్రామాణిక ప్రయోగశాలలు ఉన్నాయి. 2013 నిబంధనల కింద ప్రభుత్వ ఆమోదం పొందిన ప్రైవేటు పరీక్ష కేంద్రాలకూ అవకాశం కల్పించారు. అంతర్జాతీయంగా చెల్లుబాటయ్యే తూనికల ధ్రువపత్రాలు జారీచేసే అర్హతను 2023లో భారత్ సాధించింది. ఈ హోదా దక్కిన దేశాల్లో మనది 13వది. వాహనాల వేగాన్ని కొలిచే రాడార్ పరికరాలనూ 2025 జులై 1 నుంచి ఈ నిబంధనల పరిధిలోకి తెచ్చారు. అడుగులు సరైన దిశలోనే పడుతున్నాయి.

ఏటా జరిగే తనిఖీ ప్రధానంగా ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఈ రోజు, ఈ బరువులకు, ఈ కాటా సరిగా చూపుతోందా? అన్నదే ఆ ప్రశ్న. ఆమోదం పొందిన సాఫ్ట్‌వేరే లోపల ఉందా, నిరుటి నుంచి ఇప్పటిదాకా మార్పులేమైనా జరిగాయా అన్నవి తేలాలంటే యంత్రమే తన చరిత్ర చెప్పుకోగలగాలి. సిబ్బంది ఎంత చిత్తశుద్ధితో పనిచేసినా, 12 నెలలకోసారి పెట్టే చూపు మిగతా రోజులకు కాపలా కాయలేదు.

టెస్ట్ బెంచ్‌లు ఇప్పుడు ప్రయోగశాలలు దాటి జిల్లాలకూ వస్తున్నాయి. లారీలు, బస్సుల సామర్థ్య పరీక్షను యంత్రాలతోనే జరిపే స్వయంచాలిత కేంద్రాలకు కేంద్ర రవాణా శాఖ 2021 సెప్టెంబరులో నిబంధనలు ప్రకటించింది. బ్రేకులు పట్టేదీ లేనిదీ తనిఖీ అధికారి కన్ను కాక రోలర్ల బెంచ్ తేలుస్తుంది. మనిషి పక్షపాతం తగ్గుతుందన్నది నిజమే. అయితే బడి పిల్లల బస్సుకు యోగ్యత పత్రం ఇచ్చేది ఒక సాఫ్ట్‌వేర్ అయినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్‌కు యోగ్యత పత్రం ఇచ్చేదెవరన్న ప్రశ్న తలెత్తక మానదు.

ఖర్చు వాదన... వాస్తవం

ఇవన్నీ చేస్తే కాటాల ధర పెరుగుతుందని, చిన్న తయారీదారులు నిలదొక్కుకోలేరని ఒక వాదన ఉంది. దానిని కొట్టిపారేయలేం. తెలిసిన దుకాణంలో తక్కువ ధరకు దొరికే యంత్రాన్నే చిరువ్యాపారి కొంటాడు. కూరగాయల బండి కాటాకు, వందల మంది రైతుల సరకు తూచే కాటాకు ఒకే కొలమానం అక్కర్లేదు. ముందుగా ప్రభుత్వ సొమ్ముతో కొనే యంత్రాలకు, మద్దతు ధర ముడిపడిన యంత్రాలకు ఈ నియమాలు పెడితే చాలు. వెనక్కి తిరగని లెక్కింపు సంఖ్యకు కొత్త లోహం, కొత్త చిప్ అవసరం లేదు. ప్రోగ్రాంలో కొద్ది వరుసలు, దానిని నమోదు చేసే అలవాటు కావాలి.

ఆ వరుసలు రాయగలవారికి ఇక్కడ కొదవ లేదు. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నెలకొల్పి తెలుగువాడైన ఏఎస్ రావు అణు విద్యుత్ రంగానికి అవసరమైన పరికరాల తయారీకి పునాది వేశారు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన వరంగల్ ఎన్ఐటీ ఈ జిల్లా గడప మీదే ఉంది. హైదరాబాద్‌లో వేలాది మంది తెలుగు యువకులు విదేశీ కంపెనీల యంత్రాలకు, వాహనాలకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం నగరంలో కొనుక్కొచ్చే విద్యార్థికి, ఏనుమాముల మార్కెట్‌లో తేమ యంత్రం రీడింగులను ఓవెన్ పరీక్షతో పోల్చి చూసే పని అప్పగిస్తే చదువుకు చదువు, రైతుకు మేలు.

చేయాల్సింది ఇదీ...

మొదటిది, ప్రతి కొనుగోలు కేంద్రంలో ముద్ర వేసిన 20 కిలోల ప్రామాణిక బరువులు రెండు ఉంచాలి. రైతు ఎప్పుడు అడిగినా కాటా మీద పెట్టి చూపాలి. రెండోది, ముద్ర పత్రంపై సాఫ్ట్‌వేర్ సంచిక సంఖ్య, గుర్తింపు సంఖ్య, కాలిబ్రేషన్ లెక్కింపు సంఖ్య రాసి కాటా పక్కనే అతికించాలి. తెర మీది సంఖ్యను పత్రంతో సరిపోల్చడానికి ఇంజినీరు కానక్కర్లేదు, అంకెలు చదవగలిగితే చాలు. మూడోది, తేమ యంత్రాన్ని ఏ రోజు, ఏ నమూనాతో సరిచూశారో రైతుకు కనిపించేలా రాసిపెట్టాలి. ఒక కుప్పలో ఒక్కచోట చూసి తేల్చకుండా పలుచోట్ల రీడింగుల సగటు తీయాలి. నాలుగోది, రైతుకిచ్చే రసీదుపై యంత్రం సంఖ్య, ముడి రీడింగు ఉండాలి. వివాదం వచ్చినప్పుడు మాట మీద మాట కాకుండా కాగితం మాట్లాడుతుంది. అయిదోది, తనిఖీలు చెప్పి కాకుండా తూకం సాగుతున్న వేళ జరగాలి. ఫోక్స్‌వ్యాగన్‌ను పట్టించింది ప్రయోగశాల కాదు, రోడ్డు. కాటాను పట్టించేది ముద్రల శిబిరం కాదు, కల్లం.

నిజాయతీగా తూచే నిర్వాహకులకూ ఈ ఏర్పాట్లే రక్ష. తేడా వచ్చిందని రైతులు నిలదీసినప్పుడు యంత్రం చరిత్ర చూపి నిరూపించుకునే అవకాశం ఇప్పుడు వారికీ లేదు.

తక్కెడ రోజుల్లో రైతు ముల్లును చూసేవాడు. ఇప్పుడు అంకెను చూస్తున్నాడు. ముల్లును నమ్మడానికి కళ్లు చాలేవి. అంకెను నమ్మాలంటే దాని వెనకున్న లెక్క తెలుసుకునే హక్కు కావాలి. వచ్చే సీజన్‌లో మొదటి బస్తా కాటా ఎక్కేలోగా ఆ హక్కుకు ఓ రూపం ఇవ్వడం యంత్రాంగం చేతుల్లోనే ఉంది.